కట్టివ్వని అన్నం ముద్ద

ఎన్షు అనే కుర్ర సన్యాసిని ఆ వేసవిలో ఒక ప్రశ్న పట్టుకుని వదల్లేదు. పోయినవాళ్ళు నిజంగా తిరిగొస్తారా, రారా?

మామూలుగా అయితే ఇలాంటి వాటికి తడుముకునే మనిషి కాదతను. రాజధానిలో పెద్ద మఠంలో చదువుకుని వచ్చాడు. శాస్త్రాలన్నీ నోటికొచ్చు. ఎవరైనా సందేహం అడగడమే ఆలస్యం, ఇంత పొడుగు జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, ఈ ప్రశ్నకి కూడా అతను జవాబు చెప్పేశాడు. చెప్పాకే మొదలైంది బాధ.

జరిగింది చెబుతాను. జపాన్ దేశంలో, కొండల నడుమ, సుగినో అని ఒక చిన్న ఊరు. పైన దేవదారు అడవి, కింద ఏరు. ఊళ్ళో మగవాళ్ళ పని చెట్లు కొట్టడం, దుంగల్ని తెప్పలుగా కట్టడం, ఆ తెప్పల్ని గడలతో నెట్టుకుంటూ దిగువ ఊళ్ళకి చేర్చడం. ఊరికి కాస్త ఎత్తున బుద్ధుడి గుడి ఉంది. అందులో దొన్‌కై అనే ముసలి గురువు ఉండేవాడు. ఎన్షు ఆయన దగ్గరికి చేరింది ఆ ఏడాది చలి తగ్గాకే. ఊరివాళ్ళు ఆయన్ని పెద్దస్వామి అనేవాళ్ళు, ఇతన్ని చిన్నస్వామి అనేవాళ్ళు.

వేసవిలో ఆ దేశంలో బొన్ అని ఒక పండగ వస్తుంది. మన మహాలయ పక్షం లాంటిదే అనుకోండి, కాకపోతే వాళ్ళు మొహాలు వేలాడేసుకుని చెయ్యరు. పోయినవాళ్ళు చుట్టపుచూపుగా ఇంటికొస్తారట. మొదటి సాయంత్రం సమాధి దగ్గర లాంతరు వెలిగించి, ఆ వెలుగు చూపిస్తూ వాళ్ళని ఇంటికి పిలుచుకొస్తారు. మర్నాడు సాయంత్రం ఊరంతా గుండ్రంగా కూడి ఆడతారు. ఆ మర్నాడు మళ్ళీ లాంతర్లు పట్టుకుని ఏటి దాకా వెళ్ళి సాగనంపుతారు. ఇంకో ముచ్చట ఉంది. దోసకాయకి పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వచ్చేటప్పుడు తొందరగా రావాలని. వంకాయకి పుల్లలు గుచ్చి ఆవుని చేస్తారు, వెళ్ళేటప్పుడు నెమ్మదిగా వెళ్ళాలని.

ఎన్షుకి ఇవన్నీ భలే వింతగా ఉండేవి. అతను పెరిగిన మఠంలో ఆటా లేదు, పాటా లేదు. పండగ మొదటి రోజు పొద్దున్నే ఊళ్ళోకి వెళ్ళి ప్రతి గుమ్మం ముందూ ఆగి, ఆ దోసకాయ గుర్రాల్ని వంగి వంగి చూశాడు.

"దీనికి తోకేదమ్మా?" అని ఒక ఇల్లాలిని అడిగాడు.

"మొక్కజొన్న పీచు పెట్టాలి స్వామీ, ఇంకా పెట్టలేదు" అందావిడ, నవ్వు ఆపుకుంటూ.

"అది లేకపోతే గుర్రం పరిగెత్తదా?"

"తోక లేని గుర్రం ఎక్కి రమ్మంటే మా మామగారు ఊరుకుంటారా!"

ఇలా అడుగుతూ తిరిగాడు కాబట్టి మంచి హుషారుగా ఉన్నాడు. ఆ హుషారులో ఉండగానే, మధ్యాహ్నం గుడికి ఒకినె అనే ఆవిడ వచ్చింది.

ఒకినె భర్త జింపాచి తెప్పలు నడిపేవాడు. మంచు కరిగి ఏరు పొంగిన రోజుల్లో తెప్ప విడిపోయి కొట్టుకుపోయాడు. ఊరంతా గాలించారు. దుంగలు దొరికాయి, గడ దొరికింది, మనిషి మాత్రం దొరకలేదు. ఇది అతను పోయాక వచ్చిన మొదటి బొన్. ఆమె ఒక చేతిలో వెలిగించని లాంతరు, ఇంకో చేతిలో దోసకాయ గుర్రం పట్టుకుని మెట్ల కింద నిలబడింది.

"చిన్నస్వామీ, ఒక్క మాట అడగనా?"

"అడగమ్మా."

"సాయంత్రం అందరూ సమాధుల దగ్గరికి వెళ్ళి దీపం పెట్టుకుంటారు. మా ఆయనకి సమాధి లేదు కదా. నేనెక్కడ వెలిగించుకోను? ఎటు నుంచి పిలుచుకురాను?"

ఎన్షు ఆలోచిస్తున్నట్టు తలాడించాడు. ఆమె గొంతు తగ్గించింది.

"ఆ పొద్దున్న మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. దేనికో చెబితే నవ్విపోతారు, అంత చిన్నది. నాకు ఒళ్ళు మండి, దారిలోకి అన్నం ముద్ద కట్టివ్వలేదు. 'ఆకలేస్తే నువ్వే వస్తావులే' అన్నాను. ఖాళీ కడుపుతో పోయాడు స్వామీ. పోనీ, చివరికి బట్ట సర్ది కుడి అంచు పైకి వేసే రాత కూడా నాకు లేకపోయింది."

కుడి అంచు అంటే చెప్పాలి. వాళ్ళు వేసుకునే వస్త్రానికి ముందు రెండు అంచులుంటాయి, ఒకదాని మీద ఒకటి కప్పి నడుముకి పట్టీ కడతారు. బతికున్న మనిషికి ఎడమ అంచే పైన ఉండాలి. కుడి అంచు పైకి వేసేది ఒక్క శవానికే. పొరపాటున ఎవరైనా అలా కప్పుకుని వీధిలోకొస్తే చూసినవాళ్ళు హడలిపోయి లోపలికి తోసేస్తారు. ఇంట్లో మనిషి పోతే ఆ ఆఖరి మడత ఇంటివాళ్ళే వేస్తారు, పక్కన సన్యాసి చెయ్యి వేస్తాడు. ఎన్షు కూడా వచ్చినప్పటి నుంచీ కొందరికి వేశాడు.

"ఒక్కసారి వస్తే చాలు" అంది ఒకినె. "ఆ ముద్దేదో చేతిలో పెట్టేస్తాను. వస్తాడంటారా?"

ఆమె అడిగింది అంతే. వస్తాడనో, రాడనో, నాకు తెలీదు తల్లీ అనో అంటే సరిపోయేది. కానీ చదువుకున్న నోరు ఊరుకుంటుందా?

"అమ్మా, రావడం, పోవడం అనేవి మన భ్రమలు" అని మొదలుపెట్టాడు ఎన్షు. "ఏటిలో అల లేచిందంటాం, పడిందంటాం. నీరు ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. అలాగే మనిషీను. పుట్టినవాడు లేడు, పోయినవాడు లేడు, కాబట్టి రావలసినవాడూ లేడు..."

చూడండి ఆ తెలివి! దొరక్క దొరక్క ఉపమానానికి ఏరే దొరికిందా? ఏట్లో మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి ముందు నిలబడి అలల గురించి చెబుతాడా? ఎవరైనా పక్కనుంటే నోరు మూయించేవాళ్ళు. ఎవరూ లేరు. మొత్తం చెప్పాడు.

ఒకినె చివరిదాకా విన్నది. "పెద్ద మాటలు స్వామీ, నా బుర్రకి ఎక్కడ ఎక్కుతాయి" అని వంగి దండం పెట్టి, లాంతరు పట్టుకుని మెట్లు దిగిపోయింది. దోసకాయ గుర్రం మాత్రం మెట్టు మీదే ఉండిపోయింది.

ఎన్షు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. దానికి మొక్కజొన్న పీచు తోక ఉంది, జడలా అల్లి మరీ పెట్టింది.

సాయంత్రం ఊరివాళ్ళంతా సమాధుల దగ్గర లాంతర్లు వెలిగించుకుని బారులు తీరి ఇళ్ళకి పోతుంటే, పైనుంచి చూశాడు. ఒకినె ఇల్లు ఏటి ఒడ్డున ఉంటుంది. ఆ ఇంటి ముందు దీపం లేదు. ఇక ఉండబట్టలేక ఆ గుర్రం చేత్తో పట్టుకునే గురువు దగ్గరికి వెళ్ళాడు.

దొన్‌కై వంటింటి గడప మీద కూర్చుని వంకాయకి కాళ్ళు గుచ్చుతున్నాడు. ఆవు నిలబడటం లేదు. నిలబెడితే చాలు, ఒక పక్కకి ఒరిగిపోతోంది.

"గురువుగారూ, పోయినవాళ్ళు వస్తారా?"

"ఎవరడిగారు?"

"ఒకినె."

"నువ్వేం చెప్పావు?"

ఎన్షు చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు, ఏటి అలతో సహా. ఈసారి చెబుతుంటే తనకే చెవులు వేడెక్కాయి.

"బాగా చెప్పావే" అన్నాడు దొన్‌కై. "ఒక్క అక్షరం తప్పు లేదు."

వంకాయ మళ్ళీ పడింది. దాన్ని లేపుతూ, తలెత్తకుండా అడిగాడు.

"మరి ఆవిడ గుర్రం నీ దగ్గరెందుకుంది?"

ఎన్షు గొణిగాడు.

"నేను చెప్పింది నిజమే గురువుగారూ. కానీ ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదేమోనని ఉంది. అసలు వస్తారో రారో నాకే తెలీదు. తెలుసుకోవాలని ఉంది."

"అయితే రేపు ఆటకి వెళ్ళు."

"నేనా? ఆడటమా?"

"వచ్చేవాళ్ళు అక్కడికే కదా వచ్చేది. ఇక్కడ కూర్చుంటే నీకేం తెలుస్తుంది?"

"సన్యాసిని గురువుగారూ! ఎవరైనా చూస్తే..."

"బుద్ధుడి శిష్యుడొకాయన, వాళ్ళమ్మ నరకం నుంచి బయటపడిందని తెలిసి చిందులేశాడట. నువ్వు ఆయనకన్నా పెద్ద సన్యాసివా?" అన్నాడు దొన్‌కై. "అయినా ఎవరు చూస్తారు? ముసుగులు కదా."

అవును, సుగినోలో అదొక పద్ధతి. ఆ సాయంత్రం ఆడేవాళ్ళంతా మొహానికి నల్ల గుడ్డ ముసుగు వేసుకుంటారు, కళ్ళ దగ్గర మాత్రం కన్నాలు. గుంపులో ఊరివాళ్ళెవరో, వచ్చినవాళ్ళెవరో తెలియకూడదని. పక్కన ఆడే మనిషిని నువ్వెవరని అడక్కూడదు, నేను ఫలానా అని చెప్పకూడదు.

ఎన్షు లేచి వెళ్ళి, గుర్రాన్ని గుడి గుమ్మం ముందు, ఏటి వైపు మొహం పెట్టి నిలబెట్టాడు. ఎందుకు పెట్టాడంటే అతనూ చెప్పలేడు.

మర్నాడు పొద్దున గుడి ఆవరణలో ఆడవాళ్ళు ఆట సరిచూసుకుంటున్నారు. ఎన్షు కిటికీ సందులోంచి చూస్తూ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. అది తెప్పలవాళ్ళ ఆట. గడ నీళ్ళలోకి దించి నెట్టినట్టు చేతులు చాపాలి, ముందుకు అడుగు వెయ్యాలి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి దూరంగా చూడాలి, వెనక్కి ఒక అడుగు తగ్గాలి, చప్పట్లు కొట్టాలి. శ్లోకాలు వల్లించినట్టు వల్లించాడు. చేయి ఇటు, కాలు అటు, చూపు దూరం, చప్పట్లు. మధ్యాహ్నానికి తప్పు లేకుండా వచ్చేసిందనుకున్నాడు. ఒకటే పొరపాటు. వాళ్ళకి ఎదురుగా నిలబడి చూశాడు కాబట్టి, వాళ్ళ కుడి ఇతనికి ఎడమైంది. మొత్తం ఆటంతా తిరగేసి నేర్చుకున్నాడు పాపం. ఆ సంగతి అతనికి తెలీదు.

పొద్దువాలుతుండగా దొన్‌కై పెట్టెలోంచి నీలం చుక్కల నూలు వస్త్రం తీశాడు.

"రా, నేను కడతాను. ముందు ముసుగు వేసుకో."

"బట్ట కట్టుకున్నాక వేసుకుంటానండీ."

"ముందే వేసుకో. నీకు ప్రతిదీ చూడాలని ఆత్రం."

ఎన్షు ముసుగు వేసుకున్నాడు. కన్నాల్లోంచి ఎదురుగా గురువు నుదురు తప్ప ఇంకేం కనబడలేదు. ముసలాయన అంచులు లాగి, ఒకదాని మీద ఒకటి కప్పి, పట్టీ బిగించి, రొమ్ము మీద రెండు తట్లు తట్టాడు.

"ఊఁ, పో" అన్నాడు.

ఊరి మధ్య ఖాళీ జాగాలో మంచె కట్టారు. మంచె మీద పెద్ద డోలు, పాడే ముసలాయన. చుట్టూ కాగితం లాంతర్లు. చుట్టూ ముసుగుల వరస ఏటి సుడిలా నెమ్మదిగా తిరుగుతోంది. ఎన్షు గుండె దడదడలాడింది. భయం కాదది, సరదా. చిన్నప్పుడు కూడా అతను ఎవరితోనూ కలిసి ఆడి ఎరగడు.

వరసలో కాస్త సందు చూసి దూరాడు. చేతులు చాపి గడ నెట్టాడు. అందరూ అటు నెడితే ఇతను ఇటు నెట్టాడు. పక్కన ఉన్న భారీ మనిషికి మోచెయ్యి డొక్కలో తగిలింది.

"ఏయ్, కళ్ళు కనపడ..." అంటూ ఆ మనిషి ఇటు తిరిగాడు. ఎన్షు రొమ్ము వైపు చూశాడు. నోట్లో మాట నోట్లోనే ఆగిపోయింది. తల వంచి, ఒక అడుగు పక్కకి జరిగి, చోటిచ్చాడు.

ఎన్షుకి ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ నెట్టాడు, మళ్ళీ తప్పే. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, చూసి తలలు వంచుకున్నారు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ విసుక్కోలేదు. ఒక ముసలామె దగ్గరగా వచ్చి, "మా పిల్లకి అక్కడ చలేస్తోందేమో, కాస్త కనిపెట్టుకుని ఉండు బాబూ" అని మెల్లగా చెప్పి, జవాబు కోసం చూడకుండా ఆటలో పడిపోయింది.

ఏమిటిది? నన్నెందుకు ఇలా చూస్తున్నారు? ఎన్షు చెయ్యి రొమ్ము మీదికి వెళ్ళింది. కళ్ళకి కనబడకపోయినా ఆ మడత వేళ్ళకి తెలుసు. ఎంతమందికి వేశాయవి! కుడి అంచు పైన ఉంది.

ముసలాయన తనకి శవానికి కట్టినట్టు కట్టి ఊరి మధ్యలోకి తోశాడు. ఇటు చూస్తే తను చేసే ఆటంతా తిరగబడే ఉంది. పోయినవాళ్ళలో ఎవరో వచ్చారని ఊరివాళ్ళు అనుకోరూ మరి? తక్షణం బయటపడి ఎక్కడైనా చీకట్లో సరిగ్గా కట్టుకోవాలని పక్కకి తిరిగాడు.

వెనకనుంచి ఎవరో అతని వస్త్రానికి సంచిలా వేలాడే చేతి గుడ్డ పట్టుకున్నారు.

"ఉండనియ్యి" అంది ఒక గొంతు.

ఆ గొంతు పోల్చుకున్నాడు. నిన్న మెట్ల కింద నిలబడి 'చిన్నస్వామీ' అన్న గొంతే అది. ఎన్షు కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"ఏమయ్యా, ఇప్పటికి తీరిందా?" అంది ఒకినె. "ఎప్పుడూ ఆ మూల నిలబడి చూసేవాడివి. ఆట రాదని సిగ్గుపడేవాడివి. ఎంత లాగినా వచ్చేవాడివి కాదు. ఇవాళ వచ్చావు."

పాట సాగుతోంది. ఇద్దరూ గడ నెట్టారు, ఆమె కుడికి, అతను ఎడమకి. ఇద్దరూ నుదుటి మీద చెయ్యి పెట్టి దూరంగా చూశారు.

ఇంతలో అతని పట్టీ వదులై అంచు జారింది. ఒకినె ముందుకొచ్చి నిలబడింది. రెండు చేతులతో ఎడమ అంచు లోపలికి దోపి, కుడి అంచు దాని మీదికి తెచ్చి, ముడత లేకుండా అరచేత్తో రాసింది. నెమ్మదిగా, తొందర లేకుండా రాసింది. పట్టీ బిగించి కట్టింది. తర్వాత తన నడుము పట్టీలోంచి వెదురు పొరలో చుట్టిన చిన్న మూట తీసి అతని చేతి గుడ్డలో వేసింది.

"ఆ రోజు కట్టివ్వలేదు" అంది. "తిను. నాకింక కోపం లేదు."

ఎన్షు నోరు తెరిచాడు. ఒక్క శ్లోకం గుర్తు రాలేదు, ఒక్క ఉపమానం తట్టలేదు. ముసుగు లోపల కన్నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి వీల్లేదు. తనకి చేతనైంది ఆట ఒక్కటే, అదీ తప్పుగానే వచ్చు. ఆ తప్పు ఆటే ఆడాడు. పాట మారేదాకా ఆమె పక్కనే ఆడి, ఆ తర్వాత ముసుగుల్లో కలిసిపోయింది.

గుడికి తిరిగొచ్చేసరికి అతనికి దుఃఖం పోయి కోపం వచ్చింది. దొన్‌కై వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాడు.

"గురువుగారూ! నాకు శవం మడత వేశారు!"

"వేశాను."

"ఆవిడ నన్ను మొగుడనుకుంది. మీరు నా చేత మోసం చేయించారు!"

"నువ్వేమన్నావు ఆవిడతో?"

"ఏమీ అనలేదు."

"అయితే నిన్నటి మీద నయమే" అన్నాడు దొన్‌కై.

ఎన్షు మూట తీసి బుద్ధుడి ముందు పెట్టి దండం పెట్టాడు. వెనకనుంచి ముసలాయన గొంతు వినబడింది.

"అదేంటది?"

"అన్నం ముద్దండీ. ఆవిడ ఇచ్చింది."

"బుద్ధుడికి ఇమ్మందా?"

"లేదు."

"మరేమంది?"

"తినమంది."

దొన్‌కై లేచి, మోకాళ్ళు పట్టుకుంటూ, లోపలికి వెళ్ళిపోయాడు.

ఎన్షు చాలాసేపు ఆ మూట వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇది నాది కాదు, నేనెలా తినను? తినకపోతే ఎవరు తింటారు? ఆవిడ కట్టిన ముద్ద మళ్ళీ ఎవరూ తినకుండా పడి ఉండాలా? ఈ ఆఖరి మాట అతన్ని కుదిపేసింది. వెదురు పొర విప్పాడు. నడుమ ఊరవేసిన పుల్లటి పండు పెట్టి, గట్టిగా ఒత్తి చేసిన ముద్ద. తిన్నాడు. ఒక్క మెతుకు మిగల్చలేదు, పొరకి అంటుకున్నవి కూడా ఏరుకుని తిన్నాడు.

మర్నాడు సాగనంపే రోజు. ఎండ దిగుతుండగా ఒకినె గుడి మెట్లెక్కింది. చేతిలో అదే లాంతరు, ఇంకా వెలిగించలేదు. గుమ్మం ముందు ఆగి కిందికి చూసింది.

"ఇది మా గుర్రం కదూ?"

"మీదేనమ్మా. మర్చిపోయి వెళ్ళారు. ఏటి వైపు నిలబెట్టాను."

ఆమె వంగి దాని తోక సర్దింది. రాత్రి ఎన్షుకి నిద్ర పట్టలేదు. దాచుకోవడం తన వల్ల కాదు, చెప్పెయ్యాలి, తిడితే తిట్టనీ అనుకున్నాడు.

"అమ్మా, నిన్న ఆటలో, ఆ నీలం చుక్కల బట్ట..."

"చిన్నస్వామీ" అంది ఒకినె, గట్టిగానే. "మీరు ఊరికి కొత్త. ఆటలో ముసుగు వేసుకున్న మనిషి ఎవరని అడక్కూడదు. ఎవరో చెప్పకూడదు."

ఆమెకి తెలుసు. మొదటి నుంచీ తెలుసు. అతని మొహం చూసి ఒకినె గొంతు మెత్తబడింది.

"నేను ఒక్కటే అడుగుదామని వచ్చాను స్వామీ. తిన్నాడా?"

ఇలాంటి ప్రశ్నకి మొన్నటి ఎన్షు అయితే ఎంత చెప్పేవాడో! తినేవాడు ఎవరు, తినబడేది ఏది, అని పొద్దుపోయేదాకా లాగేవాడు. ఇవాళ అతని గొంతులో అదేం లేదు.

"తిన్నాడమ్మా" అన్నాడు. "మెతుకు కూడా మిగల్చలేదు."

ఒకినె కదల్లేదు. అక్కడే నిలబడి అతని మొహంలోకి చూస్తోంది. ఇంకేదో వినాలని ఉంది ఆమెకి. ఇంకేం చెప్పాలి? తనకి తెలిసింది ఇంకేముంది? ఎన్షు వెతుక్కున్నాడు. కల్పించి చెప్పడం ఇష్టం లేదు. నిజంగా తెలిసింది ఇంకొక్కటే ఉంది, అది చెబితే బాగుండదేమో అనిపించింది. అయినా చెప్పేశాడు.

"ఉప్పు కాస్త ఎక్కువైంది."

ఒకినె చేతిలో లాంతరు ఊగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ఎన్షు కంగారుపడ్డాడు. ఏడవడం కాదు, నవ్వు. ఆపుకోలేక మెట్టు మీద కూలబడి మరీ నవ్వింది. నవ్వుతుంటే కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి.

"ఆ మాటే!" అంది. "ఆ మాటే స్వామీ! ఆ పొద్దున్న గొడవ దాని మీదే! కూరలో ఉప్పెక్కువైందన్నాడు. పెళ్ళయిన నాటి నుంచీ అదే మాట, రోజూ అదే మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరికీ చెప్పలేదు నేను. ఉప్పు కోసం మొగుణ్ణి పస్తు పంపానని ఏ మొహం పెట్టుకుని చెప్పుకోను?"

చేతి గుడ్డతో మొహం తుడుచుకుని లేచింది. లాంతరు ముందుకి చాచింది.

"వెలిగించండి స్వామీ. పొద్దుపోతోంది, సాగనంపి వస్తాను."

ఎన్షు బుద్ధుడి ముందున్న దీపంలోంచి పుల్ల వెలిగించి తెచ్చి లాంతరు ముట్టించాడు. లోపలినుంచి దొన్‌కై వచ్చి, ఒక పక్కకి ఒరిగిపోయే ఆ వంకాయ ఆవుని ఆమె చేతిలో పెట్టాడు.

"సరిగ్గా నడవలేదమ్మా ఇది" అన్నాడు.

"మంచిదే పెద్దస్వామీ" అంది ఒకినె. "ఆలస్యంగా పోతాడు."

లాంతరు పట్టుకుని ఆమె ఏటి దారి పట్టింది. కింద ఊళ్ళోంచి వచ్చే లాంతర్లలో ఆమె లాంతరూ కలిసింది. ఎన్షు గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు. ఈ మూడు రోజులుగా పట్టుకున్న ప్రశ్న మళ్ళీ నోటిదాకా వచ్చింది, కానీ ఇప్పుడది మొన్నటి ప్రశ్నలా లేదు.

"గురువుగారూ" అన్నాడు. "ఆ మాట నా నోట ఎలా వచ్చింది?"

"ఉప్పు ఎక్కువైందా, లేదా?"

"ఎక్కువేనండీ. బాగా ఎక్కువ."

"మరింకేం" అన్నాడు దొన్‌కై. "మంచినీళ్ళు తాగు."